ట్రైలర్ రూఫ్ కారి ఫ్లోర్ మెత్తబడిందా? ముందు నీళ్ల దారి పట్టుకోండి, రంపం తర్వాత

సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) కొన్నారు. బెడ్ పక్కన మూలలో కాలు వేస్తే ఫ్లోర్ కాస్త కిందికి దిగుతోంది, తలెత్తి చూస్తే సీలింగ్ మీద టీ రంగు మరక. షాపులో అడిగితే వాళ్లు చెప్పే కొటేషన్ ఒక్కోసారి బండి కొన్న ధరనే దాటేస్తుంది. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే, కొద్దికొద్దిగా కారి కుళ్లినదానికి మామూలుగా డబ్బులు రావు, అది మెయింటెనెన్స్ లోపం కిందికి వస్తుందంటారు. 2021లో అమెరికాలో 6 లక్షలకు పైగా ఆర్‌వీలు (ఇలాంటి ట్రైలర్లు, మోటార్‌హోమ్‌లు) ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి, ఎప్పుడూ లేనంత. వాటిలో చాలా ట్రైలర్లు ఇప్పుడు సీలెంట్ ఎండిపోయే వయసుకొచ్చి చేతులు మారుతున్నాయి. పిల్లల్ని నేషనల్ పార్కులకు తిప్పుదామని డాలస్, ఆస్టిన్, అట్లాంటా వైపు మనవాళ్లు కూడా కొంటున్నారు. ఇండియాలో డ్రిల్ ముట్టుకోకపోయినా ఇక్కడికొచ్చాక ఫెన్సు, డెక్కు సొంతంగా బాగుచేసుకున్నవాళ్లు ఈ పని కూడా చేసుకోగలరు. ఒకటే షరతు. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేలేదాకా ఒక్క ప్లైవుడ్ ముక్క కూడా కొనొద్దు.

ఇక్కడ చెప్పేది చెక్క ఫ్రేమ్ మీద ముడతల అల్యూమినియం రేకు కొట్టిన మామూలు ట్రైలర్ల గురించి. మీ బండి గోడ బయటివైపు నున్నటి ఫైబర్‌గ్లాస్ అయ్యి, అది ఉబ్బి కనిపిస్తుంటే లోపలి పొరలు విడిపోయినట్టు, ఆ గోడ రిపేరు వేరే. రూఫ్, ఫ్లోర్ వరకైతే అక్కడా దాదాపు ఇదే పద్ధతి. ఎయిర్‌స్ట్రీమ్ (గుండ్రటి అల్యూమినియం షెల్లుతో వచ్చే ట్రైలర్) ఉన్నవాళ్లు మాత్రం దీన్ని చూసి రంపం పట్టుకోకండి, అందులో షెల్లు, ఫ్లోర్ ప్లైవుడ్, ఛాసిస్ ఒకదానికొకటి బిగించి ఉంటాయి, ఫ్లోర్ అంచు కోస్తే షెల్లుకి ఆధారమే పోతుంది.

లోపల ఏముందో తెలుసుకోండి

పైన రబ్బరు షీటు, అంటే ఈపీడీఎం గానీ టీపీఓ గానీ. దాని కింద 3/8 అంగుళం ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కిన పలక), చవక బళ్లలో ఇంకా పల్చనిది. ఆ కింద సన్నటి వాసాలు, వాటి మధ్య ఫైబర్‌గ్లాస్ ఉన్ని, అన్నిటికీ కింద సీలింగ్‌గా లువాన్ అనే పల్చటి ప్లై. ఫ్లోర్‌కి పైన వినైల్, దాని కింద 5/8 అంగుళం చెక్క, జాయిస్టులు (ఫ్లోర్‌ని మోసే కర్రలు), మళ్లీ ఉన్ని, అడుగున నల్ల ప్లాస్టిక్ షీటు, ఇనప ఛాసిస్.

ఈ వరస చూస్తే జబ్బేంటో అర్థమవుతుంది. లోపలికి పోయిన నీళ్లను వినైల్ పైకి ఆరనివ్వదు, అడుగు షీటు కిందికి పోనివ్వదు, ఉన్ని పీల్చుకుని పట్టుకుంటుంది. పైకి ఫ్లోర్ మెరుస్తూనే ఉంటుంది, కింద చెక్క ఏళ్ల తరబడి నానుతుంటుంది. ఇంకో సంగతి, గోడలు ఫ్లోర్ చెక్క మీదే కూర్చుని ఉంటాయి. అంచు కుళ్లిందంటే గోడ కింద ఆధారం పోతున్నట్టే, పైన కొత్త వినైల్ పరిచి అమ్మేసేవాళ్లు ఈ సంగతి మీకు చెప్పరు.

1. లీకు వెతకడం

మరక ఉన్నచోటే లీకు ఉంటుందనుకోవద్దు. నీళ్లు వాసం పట్టుకుని జారి, ట్రైలర్ ఎటు వాలి ఉంటే అటు పోయి, అడ్డం తగిలిన చోట కిందికి దిగుతాయి. బండిని ముక్కు కిందికి వంచి పార్క్ చేసే అలవాటుంటే వెనక వెంట్ దగ్గర కారినది ముందు బెడ్ మీద తేలుతుంది.

పిన్నులుండే మాయిశ్చర్ మీటర్ ఒకటి కొనండి, ఖరీదైనది అక్కర్లేదు. సీలింగ్, గోడల పైభాగం, కిటికీల కింద, అల్మరాల లోపల, బెడ్ కింద, ఫ్లోర్ అంచుల పొడుగునా అడుగుకొక చోట గుచ్చి, వచ్చిన అంకెను మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి అక్కడే అంటించండి. 15 శాతం లోపుంటే పర్లేదు, 20 దాటితే కుళ్లే ప్రమాదం ఉన్నట్టు, 30 చుట్టుపక్కల ఉంటే ఆ చెక్కలో ఫంగస్ పని ఈపాటికే మొదలై ఉండొచ్చు. టేపులన్నీ అంటించాక కాస్త దూరంగా నిలబడి చూడండి, అంకెలు ఏ వైపు పెరుగుతున్నాయో అటే వెళ్లాలి.

తర్వాత పైకెక్కండి, అదీ మెత్తటి చోట్ల కాదు, ప్లైవుడ్ ముక్క పరిచి దాని మీద మోకాళ్లతో. అనుమానించాల్సినవి: ముందు వెనక రూఫ్ గోడను కలిసే పట్టీలు, పక్క అంచుల పట్టీలు, వెంట్లు, స్కైలైటు, ప్లంబింగ్ గొట్టాల మూతలు, యాంటెన్నా, ముందు పైన ఉండే చిన్న మార్కర్ లైట్లు. ఆ లైట్లను ఎవరూ పట్టించుకోరు గానీ ముందు గోడ కుళ్లిన బళ్లలో చాలాసార్లు నేరం వాటిదే. పట్టీల మధ్య గాడిలో ఉండే వినైల్ రిబ్బను కుంచించుకుపోయి మూలల్లో పైకి లేచి ఉంటుంది, దాన్ని లాగేసి కింద స్క్రూలు చూడండి. తల తుప్పుపట్టి ఎర్రగా ఉండి, తిప్పితే పట్టు లేకుండా గిర్రున తిరిగి, బయటికి తీస్తే మొన దగ్గర సన్నగా అరిగి, తడి చెక్కపొట్టు అంటుకుని వచ్చిందంటే నీళ్లు ఆ చిల్లులోంచే దిగుతున్నాయి.

ఏసీ కింద 14 అంగుళాల చదరపు కంత ఉంటుంది, మధ్యలో ఫోమ్ గాస్కెట్. లోపలి కవరు తీసి నాలుగు బోల్టులు చూడండి, గాస్కెట్ అర అంగుళం మందానికి నొక్కుకుని ఉండాలి. వదులుగా ఉంటే నాలుగూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి, ఒకేవైపు లాగేయొద్దు.

అప్పటికీ దొరక్కపోతే గాలి పరీక్ష చేయండి. కిటికీలు, మిగతా వెంట్లు మూసి, వంటింటి ఎగ్జాస్ట్‌కి టేపు వేసి, ఒక వెంట్‌లో అట్టముక్క బిగించి దానికి పెట్టిన కంతలోంచి లీఫ్ బ్లోయర్‌తో తక్కువ స్పీడులో గాలి కొట్టండి. బయట ఇంకొకరు సబ్బునీళ్లు స్ప్రే చేస్తూ పోతే లీకున్న చోట బుడగలొస్తాయి. షాపులవాళ్లు పెద్ద ఫ్యాన్ మెషీన్ పెట్టి డబ్బులు తీసుకునే టెస్టు కూడా ఇదే.

ఫ్లోర్ తడిసిందంటే ప్రతిసారీ రూఫ్ మీదకే వెళ్లక్కర్లేదు. ఫ్రెష్ వాటర్ ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టేసి, పంపు ఆన్ చేసి వదిలేయండి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు మధ్యమధ్యలో గుర్రుమంటుంటే పైపులో ఎక్కడో కారుతోంది. టాయిలెట్ అడుగు సీలు, షవర్ మూలలు, వాటర్ హీటర్ వెనక, గొట్టం తగిలించే ఇన్‌లెట్ వెనక చూడండి.

2. రంపం పట్టే ముందు

కరెంటు ప్లగ్గు పీకండి, బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, ప్రొపేన్ సిలిండర్ల వాల్వులు కట్టేయండి, చక్రాలకు అడ్డాలు పెట్టి బండిని లెవెల్ చేయండి. కళ్లద్దాలు, గ్లవ్స్, ఎన్95 మాస్క్ తప్పనిసరి. బూజు 10 చదరపు అడుగుల లోపు ఉంటే సొంతంగా శుభ్రం చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది, అంతకు మించితే, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే మరీను, ఆ భాగాన్ని తెలిసినవాళ్లకి వదిలేయండి.

చోటు సంగతి కూడా ముందే తేల్చుకోండి. స్టోరేజీ యార్డుల్లో చాలాచోట్ల రిపేర్లు చేయనివ్వరు, ఇంటి ముందు పెడితే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి నోటీసు వస్తుంది. రూఫ్ విప్పేశాక బండి కదిలించలేరు కాబట్టి ఈ టెన్షన్ పని మధ్యలో పెట్టుకోకూడదు. ఊరి బయట స్థలమున్న ఫ్రెండ్ ఉంటే ఇప్పుడే గుర్తుచేసుకోండి. వాతావరణం చూసుకోండి, పెద్ద టార్పాలిన్ చేతికి అందేలా ఉంచుకోండి.

3. రూఫ్ విప్పడం, మార్చడం

ఎప్పుడైనా రూఫే ముందు. కింద ఎంత బాగుచేసినా పైనుంచి మళ్లీ కారితే అంతా వృథా.

పాడైన చోటు రెండడుగుల లోపు ఉండి, షీటు బాగుంటే, మూడు వైపులా కోసి మూతలా పైకెత్తి లోపల పని చేసుకుని మళ్లీ అతికించొచ్చు. కోసిన గీతల మీద ఈటర్నాబాండ్ అనే రూఫ్ రిపేర్ టేపు నాలుగంగుళాల వెడల్పుది వేసి రోలర్‌తో గట్టిగా నొక్కాలి. అంతకన్నా ఎక్కువ పాడైతే, లేదా షీటు చాలాచోట్ల చిరిగి అతుకుల మీద అతుకులు పడి ఉంటే, మొత్తం షీటు మార్చడమే నా ఓటు. పాత షీటును కాపాడుదామని పడే తిప్పలు కొత్త షీటు ధరకు సరిపోతాయి.

షీటు లేపాలంటే ముందు దాన్ని పట్టుకున్నవన్నీ తీయాలి: పక్క పట్టీలు, వెంట్లు, గొట్టాల మూతలు, అవసరమైతే ఏసీ కూడా. ఏసీ వంద పౌండ్ల దగ్గర్లో ఉంటుంది, ఒక్కరే ఎత్తొద్దు. తీసే ప్రతిదాన్నీ ముందు ఫోటో తీసి, స్క్రూలను కవర్లలో వేసి పేరు రాయండి. పాత సీలెంట్ గట్టిగా ఉంటే హీట్ గన్ కొంచెం చూపించి ప్లాస్టిక్ గరిటెతో గీకండి.

షీటు తొలిగాక స్క్రూడ్రైవర్ మొనతో చెక్కను పొడుస్తూ రండి. మంచి చెక్క మొనను ఆపుతుంది. నానిన ఓఎస్‌బీ అయితే నీళ్లలో వేసిన అటుకుల్లా చేతిలోకి వచ్చేస్తుంది. నల్లటి మచ్చ ఎక్కడ ఆగిందో అక్కడ కాదు, అది దాటి గట్టి చెక్క తగిలాక ఇంకో వాసం దాకా వెళ్లి, ఆ వాసం మధ్యగా కోయండి, అప్పుడే పాత ముక్కకీ కొత్త ముక్కకీ కూర్చోవడానికి చోటుంటుంది. రంపం బ్లేడు లోతు చెక్క మందానికి సరిగ్గా సెట్ చేయాలి, ఎందుకంటే కిందే లైట్ల వైర్లు, కొన్ని బళ్లలో ఏసీ డక్టులు కూడా ఉంటాయి.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ ఇక్కడ ఒక్కోటీ లెక్కపెట్టి చూడాల్సిందే. సగం బాగున్న వాసాన్ని పీకక్కర్లేదు, దాని పక్కనే అదే సైజు కొత్త కర్రను పాడైన భాగానికి రెండు వైపులా కనీసం అడుగు దాటేలా పెట్టి, కన్‌స్ట్రక్షన్ గ్లూ రాసి స్క్రూలతో బిగిస్తే చాలు. రూఫ్‌కి సహజంగా ఉండే వంపు చెడకుండా తాడు లాగి పట్టి చూసుకోండి, మధ్యలో గుంట పడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. పూర్తిగా పిండైన వాసాన్ని మాత్రం తీసేయాలి. చెక్కను గట్టిపరిచే పల్చటి ఎపాక్సీ పోసి సరిపెట్టమని కొందరు చెప్తారు, స్క్రూ చిల్లు చుట్టూ కొంచెం మెత్తబడిన చోట అది బాగానే పనికొస్తుంది, బరువు మోసే కర్రకు నేను దాన్ని నమ్మను.

4. ఎండనివ్వండి

తడి ఉన్నిని పారేయండి, ఎండబెట్టి మళ్లీ పెట్టే ఆలోచనే వద్దు. డీహ్యూమిడిఫయర్, రెండు ఫ్యాన్లు పెట్టి, మిగిలిన చెక్క 15 శాతం లోపుకి వచ్చేదాకా ఆగండి. రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఈ లోపు ఓపిక పోయి మూసేస్తే తేమను లోపల పెట్టి సీలు వేసినట్టే. ఆరాక మిగిలిన పాత చెక్క మీద బోరేట్ ద్రావణం కొట్టండి, ఫంగస్‌కీ చెదలకీ రెండిటికీ పనిచేస్తుంది.

5. రూఫ్ మూయడం

ఫోమ్ బోర్డు గానీ కొత్త ఉన్ని గానీ పెట్టి, పాతదాంతో సమానమైన మందంలో కొత్త ప్లైవుడ్ కోసి బిగించండి. ఓఎస్‌బీ చవకే, కానీ అంచు తడిస్తే ఉబ్బి మళ్లీ మామూలుకి రాదు, ఇంత కష్టపడి దాన్నే మళ్లీ పెట్టడమెందుకు? స్క్రూ తలలు లోపలికి దిగాలి, అంచుల మీద చేయి పెట్టి తడిమితే ఎక్కడా గుచ్చుకోకూడదు, అతుకుల మీద టేపు వేయాలి, లేకపోతే రబ్బరు మీద ప్రతి గీతా కనిపిస్తుంది, అక్కడే మొదట అరుగుతుంది.

కొత్త షీటును ఎండలో కాసేపు పరిచి ముడతలు పోనివ్వండి. సగం వెనక్కి మడిచి, చెక్క మీద రోలర్‌తో గ్లూ పూసి, షీటును దాని మీదికి దొర్లించి, మెత్తటి చీపురుతో మధ్య నుంచి అంచులకు తోయండి, తర్వాత రెండో సగం. ఎండ ముదిరాక ఈ పని పెట్టుకుంటే షీటు పరిచేలోపే గ్లూ ఆరిపోతుంది, టెక్సస్ వేసవిలో అయితే పొద్దున్నే మొదలుపెట్టాలి. ఉత్తరాదివాళ్లకి తిప్పలు ఇంకో రకం, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువుంటే చాలా గ్లూలు సరిగా పట్టవు. ఏ గ్లూ ఏ షీటుకో డబ్బా మీద చూసి కొనండి. ఈపీడీఎంకి పెట్రోలు జాతి ద్రావకాలు పడవు, ఉబ్బిపోతుంది.

వెంట్లు, పట్టీలు తిరిగి పెట్టేటప్పుడు ప్రతి దాని కిందా కొత్త బ్యుటైల్ టేపు (బంకలా సాగే రబ్బరు సీలు టేపు) వేయాలి, పాతదంతా గీకేసి. స్క్రూలు స్టెయిన్‌లెస్ వాడండి, పాత చిల్లు వదులైతే ఒక సైజు పెద్దది. బిగించినప్పుడు టేపు పక్కల్లోంచి బయటికి ఉబికి రావాలి, రాకపోతే సరిగా నొక్కుకోలేదు. మర్నాడు ఇంకొకసారి బిగించి, బయటికొచ్చినది ప్లాస్టిక్ కత్తితో కోసేసి, చదునుగా ఉన్న చోట్ల దానంతటదే పరుచుకునే డైకార్ లాంటి లాప్ సీలెంట్ వేయండి, నిలువు చోట్లకి జారనిది వేరే ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో కనిపించే సిలికాన్ ట్యూబు జోలికి మాత్రం పోవద్దు. అది ఊడినప్పుడు దాని మీద ఇంకేదీ అంటదు, మళ్లీ సిలికాన్ కూడా అంటదు.

6. ఫ్లోర్

వినైల్ లేపి చూస్తే నష్టం మీరు అనుకున్నదానికన్నా పెద్దదే ఉంటుంది, కంగారు పడకండి. కోసే ముందు బండి కిందికి దూరి ఆ చోట ఏముందో చూడండి: ట్యాంకు, నీళ్ల పైపులు, హీటర్ డక్టు, గ్యాస్ పైపు, బ్రేకు వైర్లు. అడుగు షీటు ఆ మేర కోసి కిందికి వేలాడదీయండి, నీళ్లు నిలిచి ఉంటే నెత్తి మీద పడతాయి కాబట్టి ముందు చిన్న గాటు పెట్టి పోనివ్వండి.

పైనుంచి చిన్న చిల్లు పెట్టి చెక్క మందం కొలిచి, బ్లేడు లోతు అంతే పెట్టి, జాయిస్టు మధ్యగా కోయండి. గోడ పక్కన చివరి ఒకటిన్నర రెండంగుళాలకు వృత్తాకార రంపం అందదు, అక్కడ ఆసిలేటింగ్ మల్టీటూల్ (బ్లేడు అటూ ఇటూ వేగంగా ఆడే చిన్న మెషీన్) కావాలి, ఇది లేకుండా ఈ పని మొదలెట్టొద్దు. ఛాసిస్‌కి బిగించిన బోల్టులు తుప్పుపట్టి తిరగకపోతే గ్రైండర్‌తో తల తీసేయండి, నిప్పురవ్వలు పాత ఉన్ని మీద, ప్లాస్టిక్ మీద పడకుండా తడిగుడ్డ అడ్డం పెట్టి. గ్యాస్ పైపు దగ్గరైతే గ్రైండర్ వాడొద్దు.

జాయిస్టులకు కూడా వాసాలకు చెప్పిందే, పక్కన తోడు కర్ర. కోత జాయిస్టు మీద పడని చోట పాత ఫ్లోర్ అంచు కింద అడ్డకర్ర బిగించండి, సగం దానికింద, సగం కొత్త ముక్క కింద ఉండేలా. కొత్త ప్లైవుడ్ బయట వాడే రకం అయ్యుండాలి, మందం పాతదాంతో సమానంగా. ప్రెషర్ ట్రీటెడ్ చెక్క పెడితే కుళ్లదు కదా అనిపిస్తుంది, కానీ అందులోని రాగి మందులు అల్యూమినియం రేకునీ మామూలు స్క్రూలనీ తినేస్తాయి, ట్రైలర్‌లో అది వద్దు. ముక్క కోసాక నాలుగు అంచులకూ అడుగు వైపుకీ ఎపాక్సీ గానీ మంచి బయటి ప్రైమర్ గానీ రెండు పూతలు వేయండి. జాయిస్టుల మీద కన్‌స్ట్రక్షన్ గ్లూ, చుట్టూ 1/8 అంగుళం సందు, అంచుల్లో 6 అంగుళాలకొక స్క్రూ, మధ్యలో 8 నుంచి 10 అంగుళాలకొకటి.

గోడ కింద అంచు కుళ్లితే ఇదే కష్టమైన భాగం. ఒకేసారి పొడుగంతా కోసేయొద్దు, రెండు మూడు అడుగుల ముక్కలుగానే వెళ్లాలి. లోపలి ప్లై తీసి గోడ నిలువు కర్రలకు అడ్డంగా ఒక 2x4 కర్రను స్క్రూలతో బిగించి, గట్టి జాయిస్టుల మీద పలక వేసి, దాని మీద బాటిల్ జాక్ పెట్టి ఆ 2x4ను పావు అంగుళం లోపే పైకి లేపండి. బరువు తప్పుకుంటే చాలు, ఎక్కువ లేపితే పైన మీరు కొత్తగా వేసిన సీలెంట్ తెగుతుంది. బండికి నాలుగు మూలలా ఉండే స్టెబిలైజర్ జాక్‌లు ఊగకుండా ఆపడానికే గానీ బరువెత్తడానికి కాదు. గోడ అడుగున పొడుగునా ఉండే చెక్క పట్టీ మెత్తబడి ఉంటే దాన్నీ అప్పుడే మార్చి, కొత్త ఫ్లోర్ ముక్క లోపలికి జరిపి, గోడను దించి, పట్టీలోంచి ఫ్లోర్‌కి స్క్రూలు వేశాకే పక్క ముక్కకు వెళ్లాలి. బయట రేకు అడుగు అంచు స్క్రూలు కూడా ఈ చెక్కలోకే దిగి ఉంటాయి, అవీ కొత్తవి వేసి సీల్ చేయండి.

జాయిస్టుల మధ్య ఉన్ని బదులు నీళ్లు పీల్చని ఫోమ్ బోర్డు పెట్టి, అడుగు షీటును ప్యాచ్ వేసి మూసేయండి.

7. వినైల్ వేసే ముందు

ఇక్కడ తొందరపడొద్దు. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయట గొట్టంతో నీళ్లు పట్టాలి, కింది నుంచి పైకి, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు. పైనుంచి మొదలెడితే నీళ్లు అంతటా జారి ఏది కారుతోందో తెలియదు. ప్రెషర్ వాషర్ వాడొద్దు, అది బాగున్న సీలెంట్‌ని కూడా లేపేస్తుంది. తర్వాత ఒక గట్టి వాన పడనిచ్చి, మునుపు టేపు అంటించిన చోట్లే మీటర్ మళ్లీ గుచ్చండి. అంకెలు పెరగకపోతే వినైల్ వేయండి, సీలింగ్ లువాన్ బిగించండి. ఒక్కచోట పెరిగినా ఆ చోటుకి పైన ఉన్న పట్టీ విప్పి బ్యుటైల్ మళ్లీ వేయండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి నిచ్చెన వేసుకుని పైన సీలెంట్ చూస్తుండండి, పగులు కనిపిస్తే అప్పుడే పైన ఒక పూత వేసేయండి.